టెలోమియర్ మన ఆయుష్షును కొలుస్తుందా? కరోల్ గ్రైడర్ నలభై ఏళ్ల పరిశోధన ఏం చెబుతోంది

"మీ వయసు 41, మీ కణాల వయసు 53" అని ఒక రిపోర్టు చేతికొస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. రక్తం ఇస్తే టెలోమియర్ల, అంటే మన క్రోమోజోముల కొసల పొడవు కొలిచి ఇలాంటి అంకె చెప్పే పరీక్షలు కొన్నేళ్లుగా అమ్మకంలో ఉన్నాయి. టెలోమియర్లను పెంచుతామనే మాత్రల ప్రకటనలూ వాటి వెంటే వస్తుంటాయి. వార్తల్లో చూస్తే ఒకరోజు టెలోమియర్లు పొట్టిబడితే ముసలితనం అని ఉంటుంది, ఇంకోరోజు అవి పొడవుగా ఉంటే క్యాన్సర్ అని ఉంటుంది. రెండూ చదివినవాళ్లకు ఏది నమ్మాలో పాలుపోదు.

విచిత్రం ఏమిటంటే ఆ రెండు మాటల్లోనూ నిజం ఉంది. అదెలాగో తెలియాలంటే ఈ విషయాన్ని మొదటి నుంచీ తవ్వుతూ వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త కరోల్ గ్రైడర్ పని వెంట నడవడమే మంచి దారి అని నాకు అనిపిస్తుంది. ఆమె మొదలుపెట్టినప్పుడు వయసు గురించీ, క్యాన్సర్ గురించీ ఆలోచించలేదు. క్రోమోజోమ్ చివర ఎందుకు అరిగిపోవడం లేదన్నది ఒక్కటే ఆమె ప్రశ్న.

## తెగిన చివరకూ అసలు చివరకూ తేడా

మన ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ 46 పొడవాటి దారాలుగా ఉంటుంది. వీటినే క్రోమోజోములు అంటాం. ఒక్కో దారానికి రెండు చివరలు కాబట్టి మొత్తం 92 చివరలు. దారం పొడుగునా ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాలు వరుసగా పేర్చి ఉంటాయి.

డీఎన్‌ఏ మధ్యలో ఎక్కడైనా తెగితే కణం వెంటనే పసిగట్టి అతికిస్తుంది. అలా అతికించకపోతే ప్రాణానికే ముప్పు. అయితే కణానికి తెగిన చివర ఏదో, సహజమైన చివర ఏదో తెలియాలి కదా. తెలియకపోతే రెండు క్రోమోజోముల కొసలను కలిపి అతికించేస్తుంది. తర్వాతి విభజనలో అవి రెండు వైపులకూ లాగబడి మళ్లీ తెగుతాయి. 1930లలో బార్బరా మెక్‌లింటాక్ మొక్కజొన్నలో, హెర్మన్ ముల్లర్ పండ్ల ఈగల్లో ఈ తేడాను గమనించారు. తెగిన చివరలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి, సహజమైన చివరలు అతుక్కోవడం లేదు. ఆ ప్రత్యేకమైన కొసకు 1938లో ముల్లర్ పెట్టిన పేరు టెలోమియర్. గ్రీకు మాటల్లో అర్థం "చివరి భాగం", అంతే.

ఆ కొసలో ఏముందో 1978లో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్ చూపించారు. చెరువు నీళ్లలో బతికే టెట్రాహైమినా అనే ఏకకణ జీవి డీఎన్‌ఏ చివర్లో టీటీజీజీజీజీ అనే ఆరక్షరాల మాట పదేపదే వస్తోంది. మనిషిలో ఆ మాట టీటీఏజీజీజీ. ఇది ఏ ప్రొటీన్‌కూ సూత్రం కాదు. దానికి ప్రత్యేకమైన ప్రొటీన్లు అతుక్కుని, ఇది తెగిన చోటు కాదని కణానికి తెలిసేలా చేస్తాయి.

## కాపీ చేసిన ప్రతిసారీ కొస ఎందుకు తగ్గుతుంది

కణం రెండుగా చీలే ముందు డీఎన్‌ఏ మొత్తాన్నీ కాపీ చేసుకోవాలి. కాపీ చేసే ఎంజైమ్‌కు రెండు పరిమితులు ఉన్నాయి. అది ఒకే దిశలో నడుస్తుంది. పైగా ఖాళీ పోగు మీద తనంతట తాను మొదలుపెట్టలేదు, ముందుగా ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ తునక అక్కడ కూర్చోవాలి. పని అయ్యాక ఆ తునకను తీసేస్తారు, ఖాళీ అయిన చోటును వెనక నుంచి వచ్చిన కాపీ పూడుస్తుంది. కానీ దారం చిట్టచివర వెనక ఏమీ లేదు. అక్కడ ఖాళీ ఖాళీగానే మిగిలిపోతుంది. అలెక్సీ ఒలోవ్‌నికోవ్ 1971లో, జేమ్స్ వాట్సన్ 1972లో విడివిడిగా ఈ చిక్కును ఎత్తి చూపారు.

అప్పటికే 1961లో లియోనార్డ్ హేఫ్లిక్, మనిషి కణాలు గాజుపాత్రలో సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతాయని చూపించి ఉన్నారు. ఈ రెంటికీ సంబంధం ఉండొచ్చని ఒలోవ్‌నికోవ్ ఊహించారు. అయితే ఆ ఊహకు ఎదురుగా టెట్రాహైమినా నిలబడి ఉంది. అది అంతూపొంతూ లేకుండా విభజన చెందుతూనే ఉంటుంది. ప్రతిసారీ కొస తగ్గుతుంటే అది ఎప్పుడో అంతరించి ఉండాలి. అంటే ఆ కణంలో ఏదో ఒకటి, పోయినదాన్ని తిరిగి చేరుస్తూ ఉండాలి.

## 1984 క్రిస్మస్ రోజు కడిగిన ఫిల్మ్

ఆ "ఏదో ఒకటి" కోసం వెతకడానికి 1984లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, బ్లాక్‌బర్న్ ల్యాబ్‌లో చేరారు 23 ఏళ్ల గ్రైడర్. ఆమెకు చిన్నప్పటి నుంచీ డిస్లెక్సియా ఉంది. అక్షరాలు తారుమారయ్యేవి, స్పెల్లింగులు బట్టీ పట్టాల్సి వచ్చేది. కాలేజీలో మార్కులు, పరిశోధన అనుభవం బాగున్నా ప్రవేశ పరీక్ష స్కోరు తక్కువ రావడంతో, దరఖాస్తు పెట్టిన 13 చోట్లలో సానుకూలంగా స్పందించినవి రెండే. ఆ రెండిట్లో ఒకటి బర్క్‌లీ.

టెట్రాహైమినాను ఎంచుకోవడంలో తెలివి ఉంది. దాని పెద్ద కేంద్రకంలో డీఎన్‌ఏ చిన్నచిన్న ముక్కలుగా ఉంటుంది కాబట్టి ఒక్క కణంలోనే దాదాపు 40,000 టెలోమియర్లు ఉంటాయి. కొసలు తయారు చేసే యంత్రం ఎక్కడైనా ఎక్కువగా దొరుకుతుందంటే ఇక్కడే దొరకాలి.

ప్రయోగం చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. కణాలను పగలగొట్టి రసం తీయాలి. అందులో టీటీజీజీజీజీ మాట నాలుగు సార్లు ఉన్న 24 అక్షరాల డీఎన్‌ఏ ముక్కను వేయాలి. రేడియోధార్మిక గుర్తు ఉన్న అక్షరాలు కలపాలి. ముక్క పొడవు పెరిగితే ఆ గుర్తు అక్షరాలు దానికి చేరతాయి. తర్వాత అన్నిటినీ జెల్‌లో పరిగెత్తిస్తే పొట్టివి కిందికి, పొడవైనవి పైన విడివడతాయి. దాని మీద ఎక్స్‌రే ఫిల్మ్ పెట్టి ఉంచితే గుర్తు ఉన్నచోట నల్లగా గీత పడుతుంది.

నెలల తరబడి పద్ధతులు మార్చి మార్చి చూశాక, 1984 డిసెంబరు 25న గ్రైడర్ ల్యాబ్‌కు వెళ్లి ఫిల్మ్ కడిగారు. కింది నుంచి పైకి నిచ్చెన మెట్లలాగా గీతలు. ఒక్కో మెట్టుకూ మధ్య సరిగ్గా ఆరక్షరాల తేడా. ఏదో ఎంజైమ్ ఆ ముక్కకు ఆరేసి అక్షరాలు తగిలిస్తూ పోతోంది.

అంతమాత్రాన ఆమె సంబరపడిపోలేదు. మామూలు కాపీ ఎంజైమే ఈ పని చేసి ఉండొచ్చన్న అనుమానం ఉంది. అందుకే రకరకాల ముక్కలు వేసి చూశారు. క్రమం లేని అక్షరాల ముక్క వేస్తే నిచ్చెన రాలేదు. ఈస్ట్ టెలోమియర్ ముక్క వేస్తే వచ్చింది. ఈస్ట్ కొసలోని అక్షరాలు వేరు, అయినా దాని చివర చేరింది టెట్రాహైమినా మాటే. అంటే వేసిన ముక్కను చూసి కాపీ కొట్టడం లేదు. ఏం రాయాలో ఎంజైమ్‌కు ముందే తెలుసు. 1985 డిసెంబరులో ఈ ఫలితం సెల్ పత్రికలో వచ్చింది. తర్వాత ఆ ఎంజైమ్‌కు టెలోమరేజ్ అనే పేరు స్థిరపడింది.

## ఎంజైమ్ తనతో తెచ్చుకునే ఆర్‌ఎన్‌ఏ అచ్చు

ఏం రాయాలో ముందే తెలుసంటే ఎక్కడో ఒక అచ్చు ఉండాలి. 1987లో గ్రైడర్, బ్లాక్‌బర్న్ ఆ రసంలో ఆర్‌ఎన్‌ఏను మాత్రమే తినేసే ఎంజైమ్ వేశారు. టెలోమరేజ్ పని ఆగిపోయింది. అంటే ఇది ఉత్త ప్రొటీన్ కాదు, లోపల ఆర్‌ఎన్‌ఏ కూడా ఉంది.

పీహెచ్‌డీ అయ్యాక న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ల్యాబొరేటరీకి వెళ్లిన గ్రైడర్, అక్కడ ఆ ఆర్‌ఎన్‌ఏనే పట్టుకున్నారు. దాని పొడవు 159 అక్షరాలు. 1989లో నేచర్ పత్రికలో ప్రచురించిన ఆ వరుసలో తొమ్మిది అక్షరాలు అందరి కళ్లూ తెరిపించాయి. ఎంజైమ్ చదివే దిశలో రాస్తే అవి ఇవి: ఏఏసీ సీసీసీ ఏఏసీ.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. డీఎన్‌ఏ అక్షరాల్లో ఏ ఎదురుగా టీ, సీ ఎదురుగా జీ కూర్చుంటాయి. ఇప్పుడు ఒక టెలోమియర్ చివర టీటీజీతో ముగిసిందనుకుందాం.

మొదటి అడుగు: ఆ టీటీజీ వెళ్లి అచ్చులోని మొదటి మూడక్షరాలు ఏఏసీ మీద కూర్చుంటుంది. ఇది పట్టు కోసం.

రెండో అడుగు: అచ్చులో మిగిలినవి ఆరు, సీసీసీఏఏసీ. వాటికి ఎదురుగా కొత్తగా జీజీజీటీటీజీ చేరుతుంది. కొస ఆరక్షరాలు పెరిగింది.

మూడో అడుగు: కొత్త చివర ఏమిటో చూడండి. మళ్లీ టీటీజీ. ఎంజైమ్ జరిగి, ఆ టీటీజీని మళ్లీ మొదటి ఏఏసీ మీదకు తెచ్చుకుంటుంది. రెండో అడుగు మళ్లీ మొదలు.

మూడక్షరాలు పట్టుకోవడానికి, ఆరక్షరాలు రాయడానికి. క్రిస్మస్ రోజు ఫిల్మ్ మీద ఆరేసి అక్షరాల మెట్లు ఎందుకొచ్చాయో ఈ తొమ్మిది అక్షరాలే చెప్పేశాయి. మరుసటి ఏడాది బ్లాక్‌బర్న్ ల్యాబ్ ఆ అచ్చులో అక్షరం మార్చి చూస్తే, బతికున్న కణంలో టెలోమియర్ మాట కూడా అదే విధంగా మారింది. ఇక సందేహానికి తావు లేకుండా పోయింది.

టెలోమరేజ్‌లో ప్రొటీన్ భాగం ఏమిటో తేలడానికి 1997 దాకా పట్టింది. ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏ రాసే ఎంజైముల కుటుంబానికి చెందినదే అది. 2009లో బ్లాక్‌బర్న్, గ్రైడర్, ఈస్ట్‌లో టెలోమియర్ల పనిని వెలికితీసిన జాక్ షోస్టాక్ ముగ్గురికీ వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది.

## వయసుతో ముడి ఎక్కడ పడింది

1990లో కాల్విన్ హార్లీ, బ్రూస్ ఫుచర్, గ్రైడర్ కలిసి మనిషి చర్మ కణాలను గాజుపాత్రల్లో పెంచి కొలిచారు. ఒక్కో రెట్టింపుకు సగటున 50 అక్షరాల దాకా టెలోమియర్ తగ్గింది. లెక్క వేసి చూద్దాం. ఒక కొస 9,000 అక్షరాలతో మొదలైతే 50 విభజనల తర్వాత 2,500 పోయి 6,500 మిగులుతుంది. కొస పూర్తిగా అయిపోనక్కర్లేదు. కాపలా ప్రొటీన్లు కూర్చునే చోటు బాగా తగ్గితే చాలు, కణం దాన్ని తెగిన చివర అనుకుని విభజన ఆపేస్తుంది, లేదా చచ్చిపోతుంది.

మన శరీరంలో చాలా కణాల్లో టెలోమరేజ్ ప్రొటీన్ జన్యువు మూసి ఉంటుంది. 1998లో ఆ ప్రొటీన్‌ను మనిషి కణాల్లోకి చేర్చగానే అవి హేఫ్లిక్ చెప్పిన హద్దు దాటి విభజన చెందాయి. "టెలోమియరే జీవ గడియారం" అన్న మాట అప్పుడే ఊరంతా పాకింది.

అయితే గాజుపాత్రలో కణం ముసలిదవడం, మనిషి ముసలివాడవడం ఒకటేనా? ల్యాబ్ ఎలుకల టెలోమియర్లు మన వాటికంటే చాలా పొడవు. అవి బతికేదేమో రెండు మూడేళ్లు. టెలోమియర్ పొడవే ఆయుష్షు అయితే లెక్క తారుమారు కావాలి.

## ఆరో తరం ఎలుకలు నేర్పినది

1997లో మరియా బ్లాస్కో, గ్రైడర్ తదితరులు టెలోమరేజ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువును తీసేసి ఎలుకలను పుట్టించారు. మొదటి తరం ఎలుకలు మామూలుగానే ఉన్నాయి. వాటిని తరం తర్వాత తరం పెంచుతూ పోతే టెలోమియర్లు అరిగి, ఆరో తరానికి వచ్చేసరికి సంతానం కలగడం ఆగిపోయింది. రక్తకణాలు, వృషణాల వంటి నిరంతరం విభజన జరిగే చోట్ల దెబ్బ గట్టిగా తగిలింది.

తర్వాత గ్రైడర్ ల్యాబ్ 2001లో మరో ప్రశ్న వేసింది. సగటు పొడవు ముఖ్యమా, అన్నిటికంటే పొట్టి కొస ముఖ్యమా? పొట్టి టెలోమియర్ల ఎలుకనూ పొడవైన టెలోమియర్ల ఎలుకనూ కలిపితే, పిల్లల్లో సగం క్రోమోజోములకు పొట్టి కొసలు, సగానికి పొడవైనవి వచ్చాయి. టెలోమరేజ్ లేని పిల్లల్లో సగటు బాగానే ఉన్నా పొట్టి కొసల ఎలుకల్లో కనిపించే చేటే కనిపించింది. టెలోమరేజ్ ఉన్న పిల్లల్లో ఆ ఎంజైమ్ ముందుగా పొట్టి కొసలనే సరిచేసింది.

ఇది అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఒక కణంలో 92 కొసలూ 6,000 అక్షరాలే అనుకుందాం. ఇంకో కణంలో ఒక కొస 1,000, మిగతా 91 కొసలు సుమారు 6,055. రెంటి సగటూ 6,000. మొదటి కణం హాయిగా విభజన చెందుతుంది. రెండోది ఆ ఒక్క కొస వల్ల ఆగిపోయే ప్రమాదం ఉంది. సగటు చూసినవాళ్లకు ఈ తేడా కనపడదు.

2005లో అదే ల్యాబ్ మరో సంగతి చూపించింది. పొట్టి టెలోమియర్లు వారసత్వంగా వస్తే, టెలోమరేజ్ జన్యువు పూర్తిగా బాగున్న ఎలుక పిల్లల్లో కూడా జబ్బు లక్షణాలు కనిపించాయి. మనుషుల్లో దీనికి సరిసాటి ఉంది. 2001లో చర్మం, గోళ్లు, ఎముక మజ్జ దెబ్బతినే అరుదైన డిస్కెరటోసిస్ కంజెనిటా జబ్బు ఉన్న కొన్ని కుటుంబాల్లో టెలోమరేజ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులోనే లోపం ఉందని తేలింది. ఆ తర్వాత కొందరిలో ఎముక మజ్జ దెబ్బతినడానికి, ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుకు కూడా ఇదే మూలమని బయటపడింది. ఇలాంటి కుటుంబాల్లో తరం మారేకొద్దీ జబ్బు మరింత చిన్న వయసులో వస్తుంది. ఈ కుటుంబాలకు టెలోమియర్ పొడవు కొలత చికిత్సను నిర్ణయించే సమాచారం.

## మరి పొడవైతే మంచిదేనా

1994లో 101 కణితి నమూనాలను పరీక్షిస్తే 90 నమూనాల్లో టెలోమరేజ్ పనిచేస్తూ కనిపించింది. క్యాన్సర్ కణం ఆగకుండా విభజన చెందాలంటే కొసలు నిలబెట్టుకోవాలి. మామూలు కణంలో కొసలు తగ్గడం ఒక విధంగా క్యాన్సర్‌కు అడ్డుకట్ట. 2017లో జన్యు సమాచారంతో చేసిన పెద్ద విశ్లేషణలో, పుట్టుకతో పొడవైన టెలోమియర్ల వైపు మొగ్గు ఉన్నవారికి కొన్ని క్యాన్సర్ల ముప్పు ఎక్కువ, కొన్ని గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు తక్కువ అని తేలింది. 2023లో పీఓటీ1 అనే జన్యువులో మార్పు వల్ల చాలా పొడవైన టెలోమియర్లు వచ్చినవారిలో రకరకాల కణితులు కనిపించాయని అమెరికా పరిశోధకులు ప్రకటించారు.

కాబట్టి వార్తల్లో వచ్చే రెండు మాటలూ ఒకే గీతకు రెండు చివరలు. మరీ పొట్టిబడితే కణజాలం తనను తాను పూడ్చుకోలేదు, మరీ పొడవైతే ఆగాల్సిన కణం ఆగదు. మధ్యలో ఉన్న విశాలమైన పరిధిలోనే చాలామందిమి ఉంటాం.

క్యాన్సర్ వైపు నుంచి ఒక మందు కూడా వచ్చింది. ఇమెటెల్‌స్టాట్ అనే ఈ డీఎన్‌ఏ లాంటి చిన్న ముక్క నేరుగా వెళ్లి టెలోమరేజ్ ఆర్‌ఎన్‌ఏ అచ్చు మీదే కూర్చుని దాన్ని మూసేస్తుంది. ఒక రకం ఎముక మజ్జ జబ్బు వల్ల తరచూ రక్తం ఎక్కించుకోవాల్సి వచ్చే పెద్దవాళ్ల కోసం 2024 జూన్‌లో అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది.

## రిపోర్టులో అంకె మీద భిన్నాభిప్రాయాలు

ఇక్కడ నోబెల్ పంచుకున్నవాళ్ల మధ్యే తేడా ఉంది. బ్లాక్‌బర్న్, మనస్తత్వవేత్త ఎలిస్సా ఎపెల్ 2004లో దీర్ఘకాలం ఒత్తిడిలో ఉన్న తల్లులను పరిశీలించి, ఒత్తిడి ఎక్కువ అనుకున్నవారిలో తెల్ల రక్తకణాల టెలోమియర్లు పొట్టిగా ఉన్నాయని చూపారు. టెలోమియర్ పొడవు ఆరోగ్యం గురించి చెప్పే ఒక సూచిక అన్నది బ్లాక్‌బర్న్ ఉద్దేశం. టెలోమియర్లు కొలిచే ఒక కంపెనీ స్థాపనలోనూ ఆమె పాలుపంచుకున్నారు. వేలమందిని కలిపి చూసే పరిశోధనల్లో ఈ వాదనకు బలం ఉంది.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఈ అంకె చూపి వయసు చెప్పడాన్ని గ్రైడర్ బహిరంగంగానే ఒప్పుకోలేదు. ఒకే వయసువాళ్లలోనే టెలోమియర్ల పొడవు వేల అక్షరాల మేర తేడా ఉంటుంది. పైగా చౌకగా దొరికే పద్ధతి ఇచ్చేది సగటు మాత్రమే, అదీ రక్తకణాలది, ల్యాబ్ మారితే ఫలితం మారొచ్చు. పైన వేసిన 92 కొసల లెక్క తర్వాత నాకు ఆమె మాటే ఎక్కువ సబబుగా తోస్తుంది. అయితే గుంపుల గురించి బ్లాక్‌బర్న్ చెప్పేది తప్పని దీని అర్థం కాదు. ఇద్దరూ వేరువేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు.

## కొస ఎంత ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు

ఇంకా తేలని లోతైన ప్రశ్న ఇది. ఒక వాదన ప్రకారం టెలోమియర్ మీద కూర్చున్న ప్రొటీన్ల సంఖ్యే లెక్క. కొస పొడవైతే ప్రొటీన్లు ఎక్కువై టెలోమరేజ్‌ను అడ్డుకుంటాయి, పొట్టిదైతే దారి వదులుతాయి. గ్రైడర్ 2016లో మరో నమూనా ముందుకు తెచ్చారు. అందులో టెలోమరేజ్ డీఎన్‌ఏ కాపీ యంత్రంతో పాటే ప్రయాణిస్తుంది. టెలోమియర్ పొడవైనకొద్దీ దారిలో ఎక్కడో జారిపోయే అవకాశం ఎక్కువ, చివరిదాకా చేరితేనే కొస పెరుగుతుంది. రెండూ "పొట్టివి ముందు పెరుగుతాయి" అన్న గమనికకు సరిపోతాయి. అందుకే వాటిని విడదీసి పరీక్షించడం కష్టం.

2020లో గ్రైడర్ జాన్స్ హాప్కిన్స్ నుంచి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, సాంటా క్రజ్‌కు మారారు. అక్కడి బృందంతో కలిసి 2024లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, నానోపోర్ అనే పద్ధతితో సగటును పక్కనపెట్టి ఒక్కో క్రోమోజోమ్ కొసను విడివిడిగా కొలిచారు. 147 మందిని చూస్తే కొన్ని కొసలు దాదాపు అందరిలోనూ పొడవు, కొన్ని అందరిలోనూ పొట్టి. కొసకూ కొసకూ తేడా కొన్నిచోట్ల 6,000 అక్షరాలు దాటింది. అప్పుడే పుట్టిన శిశువుల బొడ్డుతాడు రక్తంలోనూ అదే వరుస. అంటే ఏ కొస ఎంత ఉండాలన్నది పుట్టేనాటికే నిర్ణయమై, వయసుతో అన్నీ తగ్గుతున్నా ఆ వరుస మారకుండా నిలుస్తోంది. కానీ 92 కొసల్లోనూ రాసి ఉన్నది అదే టీటీఏజీజీజీ, రాసేది అదే టెలోమరేజ్. మరి తాను పొట్టిగా ఉండాలని ఒక కొసకు, పొడవుగా ఉండాలని ఇంకో కొసకు ఎలా తెలుస్తోంది? టెలోమియర్‌కు ఆనుకుని లోపలి వైపు ఉన్న డీఎన్‌ఏ ఒక్కో క్రోమోజోముకు ఒక్కోలా ఉంటుంది. జవాబు కోసం చూడాల్సిన మొదటి చోటు అదే.